ఈరోజు రంగు వద్దు

నా ఉద్యోగం పేరు కోటింగ్ ఇన్‌స్పెక్టర్. ఫోన్లో ఇంట్లోవాళ్లు "అంటే పెయింటరా?" అని అడిగారు. పెయింటర్లను ఆపేవాణ్ణి అన్నాను. నవ్వారు గానీ, నా పనిలో సగం నిజంగా అదే.

ఈ దేశం వచ్చాక నేను చూసిన మొదటి పని, మునిసిపాలిటీ వాళ్ల పాత ఉక్కు వాటర్ ట్యాంకు. కిందనుంచి చూసేవాళ్లకు రంగు వెలిసిందనే అనిపిస్తుంది. అసలు జబ్బు లోపల ఉంటుంది. నీటిమట్టం రోజూ ఎక్కి దిగే చోట, ఇంకా ఎక్కువగా పైకప్పు అడుగున తుప్పు పట్టేస్తుంది. అక్కడికి నీళ్లు చేరకపోయినా, ఆవిరి చేరి చెమటలా నిలుస్తుంది కదా. ట్యాంకు ఖాళీ చేసి, అడుగున పేరుకున్న మడ్డి ఎత్తి, గరుకు రవ్వను గాలి ఒత్తిడితో కొట్టి పాత రంగంతా ఊడగొడతారు. అప్పుడు బయటపడే ఉక్కు తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపును నమ్మకూడదు. గాలిలో తేమ ఉంటే కొన్ని గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది, అందుకే అందరికీ ప్రైమర్ వేసేయాలన్న తొందర.

నా గొడవంతా ఆ తొందరతోనే. చల్లటి నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు ఉక్కు రేకుకూ పడుతుంది, కాకపోతే కంటికి కనిపించనంత పల్చగా. అందుకే రేకు వేడి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ చెమటలా నిలవడం మొదలయ్యే వేడి) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటేనే రంగు వేయాలి. ఆ రోజు నా మీటరు ఆ తేడా 2 అని చూపించింది.

ఫోర్‌మన్ నాకంటే పాతికేళ్లు పెద్ద. అందరూ ఆయన్ను పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాదు. "కుదరదు" అనడానికి కావలసిన మాటలన్నీ పుస్తకంలో చదివినవే, అయినా ఆయన ముందు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన గబగబా ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి సంతకం పెట్టాను. ఏమన్నాడో ఇప్పటికీ తెలియదు.

మేం వేసేది ఎపాక్సీ అనే రంగు; తేమలో ఆరితే దాని మీద జిడ్డులాంటి పొర వస్తుంది. దాని మీద వేసిన రెండో కోటు పట్టు దొరక్క, చాకుమొన పెట్టగానే స్టిక్కరులా లేచొచ్చింది. ఆ వరసంతా మళ్లీ కొట్టాల్సి వచ్చింది. నన్నెవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత నేను వాదన నేర్చుకోలేదు, రెండే మాటలు నేర్చుకున్నాను: "ఈరోజు వద్దు." అని, మీటరు చూపిస్తాను. యాస ఎలా ఉన్నా అంకెకు యాస ఉండదు.

బయట ఊరి పేరు రాసేటప్పుడు జనం ఆగి ఫోటోలు తీసుకున్నారు. అక్షరాలు వంకర పోయాయని ఒకాయన రెండు రోజులు పోట్లాడాడు (పోలేదు, ట్యాంకు గుండ్రంగా ఉంది). లోపల తడి స్పాంజితో అంగుళం అంగుళం తుడుస్తూ, సూదిబెజ్జమంత చోట రంగు లేకపోయినా కీచుమనే పరికరంతో మేం గడిపిన రోజుల గురించి ఎవరూ అడగలేదు. రంగు పూర్తిగా గట్టిపడ్డాక లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్న నీళ్లతో గోడలు తడిపి, అరగంట ఉంచి, ట్యాంకు నింపి, శాంపిల్స్ ల్యాబ్‌కు పంపాం. అందులో బ్యాక్టీరియా లేదని రిపోర్టు వచ్చాకే వాల్వు తిప్పారు.

ఇప్పుడు మరో ట్యాంకు దగ్గర ఉన్నాం, అదే ఫోర్‌మన్. మొన్న పొద్దున నేను హార్నెస్ బిగించుకుంటుంటే ఆయన అప్పటికే పైన ఉన్నాడు, సొంతంగా ఒక మీటరు కొనుక్కున్నాడు మరి. అక్కణ్ణుంచే అరిచాడు, అచ్చం నా యాసలో: "ఈరోజు వద్దు!"

అందరూ నవ్వారు. ఈసారి నాకూ అర్థమైంది.