ఎనిమిది గిన్నెల శనివారం

28 డిసెంబరు 2024. అర్ధరాత్రి దాటింది.

ఇవాళ ఒక్కరోజే ఎనిమిది బౌల్ ఆటలు, అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ టీమ్‌లు సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్‌లు. మొదటిది పొద్దున పదకొండింటికి బోస్టన్‌లో మొదలైతే, ఆఖరిది రాత్రి తొమ్మిదింబావుకి లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో. ఇవి అమెరికా తూర్పు తీరపు టైము. హైదరాబాద్‌లో కూర్చుని చూసేవాళ్లు పదిన్నర గంటలు కలుపుకోవాలి. అంటే శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి, ఆదివారం పొద్దున ఏడుముప్పావుకి ఎనిమిదో ఆట కిక్కాఫ్ టిఫిన్ ప్లేటు ముందు పెట్టుకుని చూడాలి. మార్చి రెండో ఆదివారం దాకా ఈ లెక్క మారదు.

బౌల్ సీజన్, ధనుర్మాసం ఇంచుమించు జంటగా వస్తాయి. ఈసారి డిసెంబరు 14న మొదలైంది. ఛాంపియన్‌షిప్ జనవరి 20న అట్లాంటాలో, అప్పటికి కనుమ కూడా అయిపోయి ఉంటుంది. ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌ని పన్నెండు టీమ్‌లకు పెంచిన మొదటి ఏడాది ఇది. పోయినవారం కాలేజీల సొంత మైదానాల్లో జరిగిన నాలుగు తొలి రౌండ్ ఆటలనూ ఇంటివాళ్లే గెలిచారు, ఏ ఆటలోనూ తేడా పది పాయింట్లకు తగ్గలేదు. దాంతో, ఇక మిగతా బౌళ్లెందుకు అన్న పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఇవాళ్టి ఎనిమిదిలో ఒక్కటి కూడా ప్లేఆఫ్ ఆట కాదు. గెలిచినా ఎటూ ముందుకు పోరు, ఓడినా పోయేది లేదు. నాకు నచ్చేది సరిగ్గా అదే.

పేరు సంగతి తెలుగువాళ్లు తప్పకుండా అడుగుతారు: బౌల్ అంటే గిన్నేనా? గిన్నే. స్టేడియం ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. 1914లో యేల్ యూనివర్సిటీ కట్టుకున్నది యేల్ బౌల్, 1922లో పసడేనాలో లేచింది రోజ్ బౌల్. ఆట మాత్రం స్టేడియం కంటే పాతది. పసడేనాలో కొత్త సంవత్సరం రోజు జరిగే పూల ఊరేగింపుకి జనాన్నీ డబ్బునీ రాబట్టడానికి 1902లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు. మిషిగన్ 49, స్టాన్‌ఫర్డ్ 0. ఇంకా ఎనిమిది నిమిషాలుండగానే స్టాన్‌ఫర్డ్ చాలించుకుంది. ఊరివాళ్లకి ఎంత విరక్తి పుట్టిందంటే, తర్వాత కొన్నేళ్లు రథాల పందేలు పెట్టుకున్నారు తప్ప ఫుట్‌బాల్ జోలికి పోలేదు. మళ్లీ 1916లోనే. ఆ ఊరేగింపు ఇప్పటికీ ఉంది. శకటం మీద పైకి కనిపించే ప్రతి అంగుళం పువ్వో ఆకో గింజో బెరడో అయి ఉండాలి. ఎండుసరుకు ముందుగా అంటించి, పూలు చివరి రోజుల్లో పెడతారు. గులాబీలనైతే నీళ్లు నింపిన చిన్న గొట్టాల్లో ఒక్కొక్కటిగా గుచ్చుతారు. బతుకమ్మ పేర్చిన చేతులకు ఆ ఓపిక విలువ ఇట్టే తెలుస్తుంది.

ఇక ఇవాళ్టి ఆటలు. బౌల్ ఆటలో ముందు చూడాల్సింది స్కోరు కాదు, హాజరు పట్టీ. ఆటగాళ్లు కాలేజీ మారడానికి తెరిచే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఈసారి డిసెంబరు 9న తెరుచుకుంది, గడువు ఇవాళే. సరిగ్గా అదే మూడు వారాల్లో కోచ్‌లు ఉద్యోగాలు మారతారు, ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ లీగ్ టీమ్‌లు ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) వెళ్లేవాళ్లు మోకాళ్లు కాపాడుకోవాలని తప్పుకుంటారు. నవంబరు ఆఖర్లో చూసిన టీమ్ వేరు, ఇవాళ దిగిన టీమ్ వేరు. రెండిటి జెర్సీ ఒకటే, అంతే.

కాబట్టి పని ఇలా చేసుకోవాలి. ముందురోజు రాత్రి రెండు ఊళ్ల పత్రికల విలేకరులు ఇచ్చే జాబితాలు చదివి, పోయినవాళ్ల పక్కన వాళ్ల స్థానం రాసుకోవాలి. పాస్ అందుకునే రిసీవర్ ఒకడు పోతే తట్టుకోవచ్చు. ముందు వరసలో కాపలా కాసే లెఫ్ట్ టాకిల్, సెంటర్ ఇద్దరూ పోతే, పాస్ విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ఎంత మంచివాడైనా లాభం లేదు. తర్వాత వార్మప్‌లో ప్యాడ్లు వేసుకున్నది ఎవరు, ట్రాక్ ప్యాంటులో చేతులు కట్టుకుని నిలబడ్డది ఎవరు అని చూడాలి. జాబితాలో లేని పేర్లు అక్కడ బయటపడతాయి. మూడోది, చాలామంది ఫ్రిజ్ దగ్గరికి లేచి వెళ్లే సమయం: మొదటి పంట్, అంటే ముందుకు సాగలేక బంతిని దూరంగా తన్ని అవతలి టీమ్‌కి అప్పగించడం.

పంట్ చూడమనడానికి కారణం ఉంది. మామూలు రోజుల్లో పంట్ కవరేజీలో, అంటే తన్నిన బంతి వెంట, పరిగెత్తేది రెండో వరస డిఫెన్స్ ఆటగాళ్లు: లైన్‌బ్యాకర్లు, సేఫ్టీలు. మొదటి వరస ఖాళీ అయితే వీళ్లు పైకి జరుగుతారు. అప్పుడు పంట్‌కి దిగేది నవంబరు దాకా బెంచీ దిగని మొదటేడు పిల్లలు. స్నాపర్ బంతిని వెనక్కి పద్నాలుగు పదిహేను గజాలు విసురుతాడు. పంటర్‌కి ముందు ముగ్గురు గోడలా నిలబడతారు. స్నాప్ నుంచి తన్నేదాకా రెండు సెకన్లు, కొంచెం అటూ ఇటూ. ఆ ముగ్గురూ భుజం భుజం కలిపి, మీదికి వచ్చినవాణ్ని ఆపడమే తప్ప వెంట పోకూడదు. కొత్త కుర్రాడు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. పక్కనుంచి దూసుకొచ్చేవాణ్ని చూసి ఒక్క అడుగు అటు వేస్తాడు. మధ్యలో మనిషి పట్టేంత సందు పడుతుంది, పంట్ బ్లాక్ అవుతుంది. మొదటి పంట్‌కే ఆ ముగ్గురి పాదాలు కదిలాయంటే ఆ టీమ్‌లో ఎంతమంది వెళ్లిపోయారో అర్థమైపోతుంది, జాబితా కూడా అక్కర్లేదు.

బోస్టన్‌లో, ఫెన్‌వే పార్క్ అనే బేస్‌బాల్ మైదానంలో, కనెటికట్ 27-14తో నార్త్ కరోలినాని ఓడించింది. నార్త్ కరోలినా పాత కోచ్‌ని తీసేసింది, కొత్త కోచ్ బిల్ బెలిచిక్ ఇంకా పగ్గాలు పట్టలేదు, ఈ సీజన్‌లో బంతి పట్టుకుని 1,600 గజాలకు పైగా పరిగెత్తిన ఒమేరియన్ హ్యాంప్టన్ డ్రాఫ్ట్ కోసం తప్పుకున్నాడు. ఫలితంలో ఆశ్చర్యమేముంది? కనెటికట్‌కి మాత్రం ఈ బౌల్ ఇంటిపక్క పండగ. ఇదే కాలేజీ 2011లో ఎక్కడో అరిజోనాలో ఫియెస్టా బౌల్‌కి వెళ్లి నష్టపోయింది. ఒప్పందం ప్రకారం 17,500 టికెట్లు కాలేజీయే కొనాలి. అభిమానులేమో అంతకంటే చవగ్గా బయట దొరికే టికెట్లు కొనుక్కున్నారు. అమ్ముడుపోని టికెట్ల కట్టలతో పది లక్షల డాలర్లకు పైగా కాలేజీ నెత్తిన పడింది. బౌల్‌కి పిలుపు వచ్చిందంటే లాభం వచ్చినట్టు కాదు. విమానం ఖర్చు, హోటల్ రాత్రులు, బ్యాండ్ బస్సులు కూడా చూడాలి.

న్యూయార్క్‌లో నెబ్రాస్కా 20-15తో బోస్టన్ కాలేజీ మీద గట్టెక్కింది. 2016 తర్వాత ఆ టీమ్ బౌల్ ఆడటం ఇదే. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన వాళ్లకు, ఇది అర్థంలేని ఆట అని ఎవరైనా చెప్పి చూడండి.

న్యూ మెక్సికో బౌల్‌లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ) 34, లూసియానా 3. అల్బకర్కీ సముద్రమట్టానికి సుమారు ఐదువేల అడుగుల ఎత్తు, పలచటి గాలిలో కిక్ బాగా దూరం పోతుంది. కాని మూడు పాయింట్ల టీమ్‌కి గాలి ఏం సాయం చేస్తుంది. ఈ లూసియానానే డిసెంబరు 7న సన్ బెల్ట్ అనే కాలేజీల లీగ్ ఫైనల్లో 31-3తో చిత్తు చేసింది మార్షల్. ఆ మార్షల్ ఇవాళ ఎక్కడుంది? ఎక్కడా లేదు. కప్పు గెలిచిన మర్నాడే కోచ్ చార్ల్స్ హఫ్ సదరన్ మిసిసిపీకి వెళ్లిపోయాడు, వెనకాలే రెండు డజన్లకు పైగా ఆటగాళ్లు పోర్టల్లోకి దూకారు. సరిపడా మనుషుల్లేక 14న మార్షల్ తన బౌల్ వదులుకుంది. ఓడినవాడు ఆడాడు, గెలిచినవాడు ఇంట్లో కూర్చున్నాడు.

మధ్యాహ్నం పాప్-టార్ట్స్ బౌల్, ఓర్లాండోలో. పాప్-టార్ట్స్ అంటే టోస్టర్లో వేడిచేసుకు తినే తీపి బిళ్లలు. ట్రోఫీ మీద నిజంగా పనిచేసే టోస్టర్ ఉంటుంది. పోయినేడు స్ట్రాబెర్రీ టార్ట్ వేషం కట్టిన మస్కట్ నాట్యం చేసుకుంటూ పెద్ద టోస్టర్లోకి దిగితే, కిందనుంచి మనిషంత టార్ట్ బయటికొచ్చింది, గెలిచినవాళ్లు తినేశారు. ఈసారి మూడు మస్కట్లు. ఏది టోస్టర్లో పడాలో గెలిచిన ఆటగాడే తేల్చాలి. షార్లట్‌లో గెలిచిన కోచ్ నెత్తిన మయోనీజ్, బాయ్‌సీలో ఫ్రెంచ్ ఫ్రైస్ కుమ్మరిస్తారు. వీటిని వెక్కిరించేవాళ్లు స్పాన్సర్ డబ్బు ఎక్కడనుంచి వస్తుందనుకుంటున్నారో మరి. తన మీద తనే నవ్వుకోగలిగే బౌల్‌నే జనం గుర్తుపెట్టుకుంటారు.

ఆట కూడా ఈ రోజుకల్లా గొప్పది అదే. మయామీ క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ తన కెరీర్లో 156వ టచ్‌డౌన్ పాస్ (ఆఖరి గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చే పాస్) వేసి, కేస్ కీనమ్ పేరిట ఉన్న 155 రికార్డు దాటాడు. అర్ధభాగానికి 31-28 ఆధిక్యం. రెండో సగానికి హెల్మెట్ తీసి పక్కన నిలబడ్డాడు. అయోవా స్టేట్ 42-41తో గెలిచింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ రాకో బెక్ట్ ఒక్క గజం నుంచి చొచ్చుకుపోయేసరికి మిగిలింది 56 సెకన్లు. ఆ కాలేజీకి ఒకే సీజన్‌లో పదకొండు గెలుపులు ఇదే మొదటిసారి.

వార్డ్ మీద రేపు తిట్లు ఖాయం. మానేసేవాళ్లని తిట్టే ముందు 2016 జనవరి 1 ఫియెస్టా బౌల్ గుర్తుచేసుకోవాలి. నోట్రడామ్ లైన్‌బ్యాకర్ జేలన్ స్మిత్ మోకాలు అక్కడే తిరిగిపోయింది. డ్రాఫ్ట్‌లో మొదటి ఐదుగురిలో ఉంటాడనుకున్న వాడు 34వ స్థానానికి జారాడు. ఆ ఏడాది చివర్లోనే లెనర్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకాఫ్రీ తమ బౌళ్లు మానేశారు. వాళ్లది తప్పంటే నేనొప్పుకోను. కాని సగం ఆట ఆడి దిగిపోవడం నాకు మింగుడుపడలేదు. రికార్డు కోసమే దిగాడన్న మాట పడుతుంది, పైగా రెండో సగానికి వచ్చిన కుర్రాడికి వారమంతా మొదటి వరసతో సాధన దొరికి ఉండదు. ఆడితే పూర్తిగా ఆడాలి, లేదా ముందే చెప్పాలి.

రాత్రి అలమో బౌల్లో దీనికి తిరగేసిన బొమ్మ కనిపించింది. ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన ట్రావిస్ హంటర్, అతని టీమ్ కొలరాడో క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్, ఇద్దరూ ఆడారు, గాయపడితే పనికొచ్చేలా ముందే బీమా రాయించుకుని. కొలరాడో 14-36తో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ (బీవైయూ) చేతిలో చిత్తుగా ఓడింది. ఆడినందుకు వాళ్లకి ఆ ఓటమి తప్ప ఏమీ మిగల్లేదు. అయినా దిగారు.

మధ్యలో అనాపొలిస్‌లో ఈస్ట్ కరోలినా 26-21తో నార్త్ కరోలినా స్టేట్‌ని ఓడించింది, చివర్లో కొట్లాట. టూసాన్‌లో మయామీ 43-17తో కొలరాడో స్టేట్‌పై గెలిచింది. ఇది ఒహాయోలోని మయామీ, 1809 నాటిది. ఓర్లాండోలో ఓడింది ఫ్లోరిడా మయామీ, 1925 నాటిది. స్కోరు పట్టీలో ఒకేసారి "మయామీ" రెండుచోట్ల కనబడితే, పందెం కాగితం పట్టుకున్నవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది.

ఆ కాగితం గురించి. నలభై ఆటలుంటే ప్రతి ఆటకీ గెలిచేవాడి పేరు రాసి, 1 నుంచి 40 దాకా ఒక్కో అంకె ఒక్కో ఆటకి వెయ్యాలి. నమ్మకం ఎక్కువైతే పెద్ద అంకె. మొత్తం 820. అందరూ చేసే పొరపాటు ర్యాంకు చూసి 40 వెయ్యడం. చూడాల్సింది కోచ్ ఉన్నాడా, క్వార్టర్‌బ్యాక్ ఆడుతున్నాడా. కాగితం మొదటి బౌల్‌కి ముందే ఇచ్చెయ్యాలి, పోర్టల్ మాత్రం ఇవాళ్టిదాకా తెరిచే ఉంది. కాబట్టి తాత్కాలిక కోచ్ ఉన్న ఆటలన్నిటికీ పది లోపు అంకెలే. పదిమంది ఆడే పందెంలో బలమైనవాళ్లనే నమ్ముకోవచ్చు. వందమంది ఉంటే 15 నుంచి 25 మధ్య అంకెల్లో రెండు మూడు ఎదురు పందేలు తప్పవు, 40 మీద మాత్రం వద్దు. టీమ్ మారితే, ఆట రద్దయితే ఏం చేస్తారో ముందే రాయించుకోవాలి. 2018లో డాలస్‌లో మొదటి క్వార్టర్లోనే మెరుపులు మొదలయ్యాయి. మెరిసిన ప్రతిసారీ ఆట ఆపి ఉంచే 30 నిమిషాల గడియారం మొదటికొస్తుంది. చివరికి ఆ బౌల్ ఫలితం లేకుండానే ముగిసింది. పందెంలో ఇద్దరు సమానమైతే తేల్చడానికి పెట్టే, ఒక ఆటలో మొత్తం పాయింట్ల అంచనా కూడా జాగ్రత్తగా వెయ్యాలి. మొన్న 26న డెట్రాయిట్‌లో ఆరు ఓవర్‌టైమ్‌లు ఆడి టొలీడో 48-46తో పిట్స్‌బర్గ్‌ని ఓడించింది. మూడో ఓవర్‌టైమ్ నుంచి వంతులవారీగా రెండేసి పాయింట్ల ప్రయత్నాలే కాబట్టి సరిపోయింది, లేకపోతే 94 దగ్గర ఆగేదా!

ఆఖరి ఆట ఇండిపెండెన్స్ బౌల్. మార్షల్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది లూసియానా టెక్, ఐదు గెలుపులు ఏడు ఓటముల టీమ్. మామూలుగా ఆరు గెలిస్తేనే బౌల్. మైదానం వాళ్లకి దగ్గరే, కాని తయారీకి దొరికింది రెండు వారాలు. ఎదురుగా ఆర్మీ, అంటే అమెరికా సైనిక అకాడమీ టీమ్. ఆర్మీ ఆడే ఆప్షన్ ఆటలో బంతి ముగ్గురిలో ఎవరి చేతికైనా పోవచ్చు: మధ్యలోంచి దూకేవాడు, క్వార్టర్‌బ్యాక్, పక్కన పరిగెత్తేవాడు. కాపలాకి ఒక్కొక్కరికి ఒక్కొక్కణ్ని అప్పగిస్తారు. బంతి కనబడ్డా కనబడకపోయినా నీవాణ్ని నువ్వు పట్టుకోవాలి. ఒక్కడు బంతి వైపు చూసి వంగితే చాలు, వాడు వదిలిన చోటునుంచి పదిహేను గజాలు పోతాయి. సీజన్ అంతా ఎదురుపడని ఆ అలవాటు పద్నాలుగు రోజుల్లో రాదు. రాలేదు కూడా, 27-6. ఆర్మీకి పన్నెండో గెలుపు, ఆ కాలేజీ చరిత్రలో అన్ని గెలుపులు ఇదే మొదటిసారి.

ఆర్మీ వాళ్లు పోర్టల్ వైపు పెద్దగా చూడరు. మూడో ఏడు తరగతులు మొదలయ్యాక వదిలి వెళ్తే సైన్యానికి బాకీ పడతారు. నవంబరులో ఉన్న ముఖాలే ఇవాళా దాదాపు అన్నీ ఉన్నాయి. ఎనిమిది ఆటలు చూశాక వాళ్ల పంట్ చూస్తే కళ్లు తేలికపడ్డాయి. గోడలోని ముగ్గురి పాదాలూ నాటినట్టు నిలబడ్డాయి.

రేపు బౌల్ ఒక్కటీ లేదు, ఎన్ఎఫ్ఎల్ ఆదివారం. ఎల్లుండి నాష్‌విల్‌లో అయోవా, మిజోరీ. అటు కేలెబ్ జాన్సన్ ఆడడు, ఇటు లూథర్ బర్డెన్ ఆడడు. కాగితంలో ఆ ఆట పక్కనున్న అంకె 3.