సున్నా సెకను నుంచి బూట్ లాగ్

ఫ్రాంక్‌ఫర్ట్‌లో సర్వర్లు చూసుకునే మాకూ, హైదరాబాద్‌లోని మా సహచరులకూ మధ్య వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటల తేడా ఉంటుంది. రీబూట్‌కు అనుమతి ఇక్కడ అర్ధరాత్రి దాటాకే దొరుకుతుంది కనుక, రాత్రి తలెత్తిన సమస్య తెల్లవారేసరికి వాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. తెర మీద నేను చూసింది వాళ్లు చూడలేరు. వాళ్లకు ఆధారం నేను పంపే బూట్ లాగ్, అంటే యంత్రం మొదలవుతూ రాసుకునే సందేశాల చిట్టా ఒక్కటే. అందుకే అది మొదటి వరుస నుంచీ ఉండాలని నేను పట్టుబడతాను.

ఒక పెద్ద సర్వర్‌లో కొత్త స్టోరేజ్ కార్డు పెట్టాక దాని వెనకనున్న డిస్కులు కనిపించలేదు. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, విఫలమైందన్న వరుస డీమెసేజ్‌లో (లైనక్స్ మూలభాగమైన కెర్నల్ సందేశాలను చూపే ఆదేశంలో) ఉంది కానీ, ఎందుకు విఫలమైందో లేదు. "అన్నా, పై భాగం ఏది?" అని హైదరాబాద్ సహచరుడు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే అది. లైనక్స్ వెర్షన్, దాని కింద కెర్నల్ కమాండ్ లైన్ (బూట్ వేళ కెర్నల్‌కు ఇచ్చే ఎంపికల వరుస) ఉండవలసిన చోట, లాగ్ ఏకంగా పదకొండో సెకను దగ్గర మొదలైంది. కెర్నల్ తన సందేశాలను పరిమితమైన రింగ్ బఫర్‌లో రాసుకుంటుంది. అది నిండగానే పాత వరుసల మీదే కొత్తవి పడతాయి. చాలా కెర్నళ్లలో దాని మూల పరిమాణం 128 కేబీ. బూట్‌లో ప్రతి అడుగునూ లాగ్‌లో రాయించే ఇనిట్‌కాల్_డీబగ్ ఎంపిక పెట్టి ఉన్న, వందల కోర్ల యంత్రానికి అది ఏ మూలకూ చాలదు. కమాండ్ లైన్‌లో 'క్వయట్' తీసేస్తే అన్నీ దొరుకుతాయని చాలామంది అనుకుంటారు గానీ, ఆ మాట కన్సోల్ తెర మీద కనిపించేదాన్నే తగ్గిస్తుంది, బఫర్‌ను తాకదు. పెంచవలసింది బఫర్ పరిమాణాన్ని చెప్పే లాగ్_బఫ్_లెన్. దాని విలువ 2 ఘాతంగా ఉండాలి కనుక 16ఎం (16 ఎంబీ) అని ఇచ్చాం.

ముందు ఆ ఒక్క బూట్‌కే మార్చి చూద్దామని, లైనక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం అయిన గ్రబ్ మెనూలో, కమాండ్ లైన్‌ను దిద్దడానికి 'ఇ' నొక్కాం. ఇక్కడి కీబోర్డులు జర్మన్‌వి, గ్రబ్ మాత్రం మామూలుగా అమెరికన్ అమరికనే అనుకుంటుంది. అండర్‌స్కోర్ కావాలంటే సున్నా పక్కన జర్మన్ 'ఎస్‌త్సెట్' ఉన్న మీటను షిఫ్ట్‌తో నొక్కాలి. సమానం గుర్తు దాని పక్క మీటలో ఉంటుంది. వై, జెడ్ తారుమారు. అమెరికన్ అమరికకు అలవాటుపడ్డ భారతీయ ఇంజనీరు మీటల మీది అచ్చు చూడకుండా టైపు చేస్తే చాలు, అంతా సరిగ్గా పడుతుంది.

సందేశాలన్నిటినీ కన్సోల్‌కు పంపించే ఇగ్నోర్_లాగ్‌లెవల్ కూడా పెట్టి, రిమోట్‌గా సీరియల్ కన్సోల్‌ను, అంటే సీరియల్ పోర్టు గుండా వచ్చే సందేశాలను, రికార్డు చేశాం. 115200 బాడ్ వేగంలో సెకనుకు దాదాపు 11,520 అక్షరాలే పోతాయి. ఒక ఎంబీ లాగ్‌కు నిమిషంన్నర పడుతుంది. ఆ ఆలస్యం దర్యాప్తు రాత్రికి సరే గానీ, రోజువారీ యంత్రానికి తగదు.

ఈసారి లాగ్ సున్నా సెకను నుంచి వచ్చింది. రెండో సెకనులోనే, పీసీఐ పరికరాలకు (యంత్రంలో గుచ్చే కార్డుల వంటివాటికి) మెమరీ అడ్రసులు కేటాయించే దగ్గర, ఈ కార్డుకు చోటు లేదన్న వరుస స్పష్టంగా ఉంది. బయోస్‌లో (యంత్రం అన్నిటికన్నా ముందు నడిపే ప్రోగ్రాంలో) 4జీబీ పైనున్న అడ్రసులను వాడుకునే అమరికను తెరవగానే డిస్కులన్నీ కనిపించాయి.

తర్వాత ఇనిట్‌కాల్_డీబగ్, ఇగ్నోర్_లాగ్‌లెవల్ రెండింటినీ తీసేసి, లాగ్_బఫ్_లెన్‌ను మాత్రం గ్రబ్ డిఫాల్ట్ ఫైలులో శాశ్వతంగా ఉంచమని కోరాను. మా దగ్గర ఒకరు రాసిన మార్పును మరొకరు చదివి ఒప్పుకోనిదే ఏదీ ముందుకు కదలదు. టెరాబైట్ మెమరీ ఉన్న యంత్రంలో 16 ఎంబీ లెక్కలోకి రాదని జర్మన్ సహోద్యోగి ఒప్పుకుని, మిగతా పెద్ద సర్వర్లకూ అదే మార్పును తానే రాశాడు.