సౌందర్యోపాసకులు అనే మాట

మొన్న హనుమకొండలో ఒక పెళ్లి విందులో, వచ్చే పోయే ఆడపిల్లలను తేరిపార చూస్తున్న ఒకాయనను ‘సౌందర్యోపాసకుడు’ అని పరిచయం చేస్తే అందరూ నవ్వారు. నాకు ఆ మాట కోసం మనసు నొచ్చుకున్నది. ‘ఉప’ అంటే సమీపం, ‘ఆసనం’ అంటే కూర్చోవడం. అందానికి దగ్గరగా, నిశ్చలంగా, దానినుంచి ఏమీ ఆశించక కూర్చునేవాడు ఉపాసకుడు. ‘రసికుడు’ అనే మాటను కూడా మనం ఇట్లాగే దిగజార్చుకున్నాం. కావ్యశాస్త్రం చెప్పిన ఆలంకారికులు కావ్యంతో సమానంగా స్పందించే హృదయం గలవానికి పెట్టిన ‘సహృదయుడు’ అనే పేరు ఇప్పుడు కేవలం మంచి మనసున్నవాడిగా మిగిలింది.

సౌందర్యోపాసకుడనే మాటకు సరైన మనిషిని నేను పాలంపేటలో చూశాను. 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో, ఒక ముసలి రైతు తువ్వాల పరచుకొని, నల్లరాతి మదనికల (నాట్యకత్తెల శిల్పాల) కింద చాలాసేపు కూర్చున్నాడు. నేను పలకరించగా, ఎత్తు మడమల చెప్పులు తొడిగిన మదనికను చూపించి, “ఆ కాలు చూడు బిడ్డా, ఇప్పుడే అడుగేసేటట్టు లేదూ?” అన్నాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, ఫోటోలు పెరిగాయి. ఆయన చేతిలో మాత్రం ఫోను లేదు. ఎండ స్తంభం దాటి పాదాల మీదికి వచ్చినప్పుడు, కొంచెం జరిగి మళ్లీ తలెత్తాడు.