బెంగళూరు వంకాయలో రొయ్యలు

పోయిన నవంబరులో థాంక్స్‌గివింగ్ రాత్రి కూడా నాకు ల్యాబ్ డ్యూటీ పడింది. నాతో పాటు షిఫ్ట్‌లో ఉన్న ఆవిడకి అరవై దాటాయి. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని లఫయెట్‌లోనే పుట్టి పెరిగారు. నన్ను "షా" అని పిలుస్తారు. ఇక్కడి ఫ్రెంచి సంతతి వాళ్లైన కేజన్ల ఇళ్లలో ముద్దుగా పిలిచే మాట అది, మన "అమ్మడూ" లాంటిది. అర్ధరాత్రి దాటాక ఆవిడ తన డబ్బా తెరిచి సగం నా ప్లేటులో పెట్టారు. రొయ్యలు కూరి ఓవెన్‌లో కాల్చిన మిర్లిటన్. చెంచాతో గీరగానే గుర్తుపట్టేశాను, మన బెంగళూరు వంకాయ! చిన్నప్పుడు అమ్మ పెసరపప్పు వేసి వండితే పక్కకు నెట్టేసిన కూర. ఆ రాత్రి తొక్కకి అంటుకున్నది కూడా గీరి తిన్నాను.

1755 నుంచి బ్రిటిష్ వాళ్లు నోవా స్కోషియా ప్రాంతం నుంచి తరిమేసిన ఫ్రెంచి కుటుంబాల్లో కొన్ని లూసియానా చేరాయి. వాళ్ల సంతతే కేజన్లు. ఇక్కడి బయూల్లో (మెల్లగా పారే చిత్తడి వాగుల్లో), సముద్రంలో దొరికిందే వాళ్ల వంటయింది.

ఆదివారం రాత్రి ఆవిడనీ వాళ్లాయననీ భోజనానికి పిలిచి ఆ వంట నేనే చేశాను. రొయ్యలు ఆవిడే ఇచ్చారు. వాళ్లాయనకి డెల్కాంబ్ర్ రేవులో పడవ ఉంది. తలలతో సహా రెండు పౌన్లు. కాయల్ని రెండుగా చీల్చి ఉడకబెట్టాలి. పచ్చికాయ కోస్తే జిగురు కారి చేతులు బిరుసెక్కుతాయి, అందుకే పనసకాయకి రాసుకున్నట్టు ముందే నూనె రాసుకున్నాను. ఉడికాక గింజ తీసేసి, అర సెంటీమీటరు అంచు వదిలి లోపలి గుజ్జు తోడాలి. వెన్నలో ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికమ్ మగ్గించాలి. ఈ మూడింటినీ ఇక్కడ "హోలీ ట్రినిటీ" అంటారు. తర్వాత వెల్లుల్లి, గుజ్జు. ఇక్కడే ఓపిక కావాలి. గుజ్జులో నీళ్లు ఇంకి గరిటెకి ముద్దలా అంటుకునే దాకా వేయించాలి, లేకపోతే కాయ నీళ్లోడుతుంది. ఆ తర్వాతే రొయ్యలు, కారం, బ్రెడ్ పొడి. గుత్తి వంకాయకి కూరినట్టు కూరి, పైన ఇంకాస్త పొడి చల్లి 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో అరగంట. అంచులు ఎర్రబడ్డాయి, ఇల్లంతా వెన్నా రొయ్యల వాసన.

భోజనాల దగ్గర ఆయన రేటు సంగతి ఎత్తారు. రొయ్యల సైజుకి వాళ్లూ "కౌంట్" అనే అంటారు. మనం కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని లెక్కిస్తాం, వాళ్లు పౌనుకి. బయటి దేశాల చెరువు రొయ్య చవగ్గా దిగాక తమ సరుకుకి ధర పడిపోయిందని, కొన్నిసార్లు పడవ కట్టేసి ఉంచడమే మేలనిపిస్తుందని చెప్పారు. నా గొంతులో ముద్ద దిగలేదు. అమెరికాకి రొయ్యలు ఎక్కువగా పంపే దేశాల్లో మనది ఒకటి, అందులో పెద్ద వాటా ఆంధ్రాదే. భీమవరం పక్కన మా నాన్నకీ రెండు చెరువులున్నాయి. దాచాలనిపించలేదు, చెప్పేశాను. ఆయన కాసేపు నావైపు చూసి, చెరువులో మేతకి ఎంతవుతుందని అడిగారు. తర్వాత ఇంకో కాయ పెట్టించుకున్నారు.

మర్నాడు నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆయన ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు తెలుసు. కోప్పడతారనుకున్నాను. "పాపం, ఆ పడవకి డీజిల్ ఖర్చులైనా వస్తున్నాయా అమ్మా వాళ్లకి?" అన్నారు.