అక్కడ వాల్‌ఐ, ఇక్కడ వాలుగ

చేపల వేట సామాన్ల కొట్టులో గోడ నిండా వేలాడుతున్న లూర్ల, అంటే బొమ్మ ఎరల, ముందు నిలబడి నేను నారింజ రంగుదొకటి, చిలకపచ్చదొకటి, వెండి మెరుపుదొకటి ఏరుకుంటుంటే మా అల్లుడుగారు ఆపారు. "రంగు ఆఖర్న చూద్దాం మావయ్యగారూ, ముందు బరువు తేల్చుకోండి" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో లేత్ మీద బతుకుతున్నవాణ్ని. బరువు, కొలత అన్న మాట వింటే నా చెవి అటే పోతుంది.

అమ్మాయి పురిటికని అమెరికాలో మినెసోటా రాష్ట్రం వెళ్లాం. అక్కడ వాల్‌ఐ అనే చేపంటే జనానికి మనకి కొరమీనంత ఇష్టం. 1965లో దాన్ని రాష్ట్ర చేపగా కూడా పెట్టుకున్నారు. మే నెల మధ్యలో వేట మొదలవుతుంది. లైసెన్సు కొనాలి, ఏ సైజు చేప ఉంచుకోవచ్చో చెరువును బట్టి నిబంధన ఉంటుంది, అందుకే పడవలో కొలబద్ద తప్పనిసరి. జూన్ మొదట్లో ఒక సాయంత్రం మిలాక్స్ సరస్సుకి వెళ్లాం. రాత్రి తొమ్మిదికి గానీ పొద్దు వాలదక్కడ. పొద్దు వాలేదాకా ఆగాల్సిందేనన్నారు అల్లుడుగారు.

ఎందుకో ఆ చేప కన్ను చూశాక తెలిసింది. రాత్రి బస్సు లైట్లకి రోడ్డు పక్క గేదె కళ్లు మెరుస్తాయి చూడండి, అచ్చం అలాగే. కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుందట, మసక వెలుతుర్ని కూడా అది మళ్లీ కంట్లోకే తిప్పి పంపుతుంది. చిన్న చేపలకి చూపు ఆనని వేళ దీనికి ఆనుతుంది. అందుకే సందెవేళ, తెల్లవారుజామున, మబ్బు పట్టి నీళ్లు అలలెత్తినప్పుడు వేటకి దిగుతుంది.

జిగ్ అంటే మెడ దగ్గర సీసం గుండు పోసిన గేలం. దానికి పరిగెపిల్లలాంటి మెత్తటి రబ్బరు తోక తొడుగుతారు. పెట్టెలో ఔన్సులో ఎనిమిదో వంతువి, నాలుగో వంతువి ఉన్నాయి. అంటే మూడున్నర గ్రాములు, ఏడు గ్రాములు. పది అడుగుల లోతుకి మూడున్నర గ్రాములు మొదటి లెక్క. గాలి ఉన్నా, ప్రవాహం ఉన్నా పెంచాలి. గుండు నీటి అడుగున తగిలిన సంగతి చేతికి తెలియాలి, కానీ రాయిలా దభీమని పడకూడదు. ఆ రెంటి మధ్యనే ఉంది బరువంతా. రాడ్ కొనని అడుగెత్తు లేపి, లైను, అంటే గేలం దారం, వదులు కాకుండా మెల్లగా దించాలి. చేప అందుకునేది దిగేటప్పుడే. లాగదు, గుంజదు. గోటితో టిక్కుమని మీటినట్టుంటుంది, అంతే. మొదటి నాలుగు టిక్కులూ నాచు అనుకుని పోగొట్టుకున్నాను. అయిదోది పడవలోకి వచ్చింది. బంగారు ఛాయ ఒళ్లు, తోక కింది కొసన తెల్లటి మచ్చ.

చెక్క చేపల్లాంటి క్రాంక్‌బైట్లు కూడా వాడాం గానీ, వాటి గురించి ఒక్క సంగతే చెబుతాను. మూతి కింద ఉండే రేకు పొడవైతే లోతుకి దిగుతాయి, పొట్టిదైతే పైపైన ఈదుతాయి. ఇలాంటివి చేసి పేరు తెచ్చుకున్న రాపాలా కంపెనీకి మూలం ఫిన్లాండులో ఒక జాలరి. లౌరి రాపాలా 1936లో బెండు చెక్కి, చాక్లెట్ల తగరపు కాగితం చుట్టి, ఫొటో నెగెటివులు కరిగించి పైన పూశాడట. చేతిపని చేసుకునేవాణ్ని, ఆ మాట వింటే ఒళ్లు పులకరించింది.

రంగు సంగతీ అడుగుతారు కాబట్టి: వాల్‌ఐ కంటికి నారింజ, పచ్చ బాగా ఆనుతాయి. బురద నీటికి అవి, తేట నీటికి వెండి రంగు.

వచ్చేటప్పుడు నాలుగు రబ్బరు తోకలు తెచ్చుకున్నాను. సీసం మాత్రం తేలేదు. అక్కడ లూన్ అనే నీటిపక్షులు నీటి అడుగున పడ్డ సీసం గుండ్లు మింగి చచ్చిపోతున్నాయని అల్లుడుగారు చెప్పినప్పుడు మన కాలువల మీద వాలే నీటికాకులు కళ్లముందు మెదిలాయి. నా దగ్గర ఇత్తడి కడ్డీలున్నాయి కదా. ఎనిమిది మిల్లీమీటర్ల కడ్డీని రెండు సెంటీమీటర్ల పొడవున కోసి, ముక్కు కోసుగా తిప్పి, మధ్యలో రెండు మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే ఏడు గ్రాములు తూగింది. సీసం కన్నా ఇత్తడి తేలిక, కాబట్టి అదే బరువుకి గుండు కొంచెం లావవుతుంది. బెజ్జం అంచులు నున్నగా చేయకపోతే లైను తెగుతుంది, ఇది మాత్రం మరవకండి.

ఇంటికొచ్చాక, విజయవాడ పక్కన యనమలకుదురు దగ్గర బందరు కాలువ. సాగునీరు వదిలిన రోజులు, నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వానపాము, బెండు కట్టి జెల్లలు పట్టిన గట్టే అది. ఏడు గ్రాములది వేశాను. అడుగు తగల్లేదు, నీటితో పాటు కొట్టుకుపోయింది. అలాంటివి రెండు వరసన గుచ్చి పద్నాలుగు చేశాను. ఈసారి తగిలింది. నారింజ తోక, కొసన చిన్న స్టీలు తీగ, ఎందుకంటే నేను చూస్తున్నది వాలుగ కోసం. దాని నోటినిండా సన్నటి పళ్లు, మామూలు లైను ఆకురాయి మీద రాసినట్టే పోతుంది. అదీ చీకటి పడ్డాక తిరిగే చేపే. శాస్త్రవేత్తలు పెట్టిన వల్లాగో అట్టు అన్న పేరులో మన వాలుగే వినపడుతుంది నాకు.

ఏడున్నర దాటాక, దించుతుంటే ఆ టిక్కు వచ్చింది. మిలాక్స్‌లో విన్న టిక్కే. వెంటనే రాడ్ పైకి గుంజాను. రెండు కిలోలు ఉంటుందేమో, మీసాలు నా మోచేతికి చుట్టుకున్నాయి. మా నాన్నతో వచ్చినప్పుడు ఇంతకు నాలుగింతలవి చూసేవాణ్ని. ఇప్పుడు ఈ చేప ప్రపంచమంతా తగ్గిపోతోందని ప్రమాదపు జాబితాలో చేర్చారు. గేలం తీసి, నీళ్లలోనే కాసేపు పట్టుకుని, తోక ఆడించాక వదిలాను. వండుకోవడానికి మనసు రాలేదు.

కాలువలో నీళ్లు తగ్గుతున్నాయని గట్టు మీద గేదెలు కాసే పిల్లాడు చెప్పాడు. పద్నాలుగు గ్రాములు ఇక ఎక్కువవుతుంది. రేపు షాపు తెరవగానే పదివి నాలుగు తిప్పాలి.