గాల్వో అద్దాన్ని దారిలో పెట్టడానికి పట్టిన ఆరు నెలలు

తెర మీద మొదటి బొమ్మ చూసి మా సార్ నవ్వారు. "ఒక స్లైడు పెడితే రెండు వస్తున్నాయే, లాభమే కదయ్యా!" అన్నారు. నిజమే. గాజు మీద క్రోమ్ గీతలు గీసిన గళ్ల స్లైడు పెట్టాను. తెర మీద మాత్రం ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు గళ్ల బొమ్మలు, వాటి మధ్య 120 పిక్సెళ్ల ఎడం.

మేం పేర్చుకుంటున్నది కాన్ఫోకల్ మైక్రోస్కోప్. 488 నానోమీటర్ల నీలి లేజర్‌ను చుక్కంత చేసి నమూనా మీద పాకిస్తాం. ఎక్కడ ఎంత వెలుగు తిరిగొచ్చిందో పీఎంటీ (మినుకు వెలుగును కూడా కరెంటుగా మార్చే ఫొటోమల్టిప్లయర్ ట్యూబు) చెబుతుంది. చుక్కను పాకించేది ఒక చిన్న అద్దం. దాన్ని ఇరుసు మీద అటూ ఇటూ తిప్పే మోటారునే గాల్వో అంటాం. 1957లో మార్విన్ మిన్‌స్కీ ఈ మైక్రోస్కోప్‌కు పేటెంట్ దరఖాస్తు పెట్టినప్పుడు వెలుగును కదపలేదు, నమూనా ఉన్న బల్లనే కదిపాడు. ఆయనకు ఈ తలనొప్పి లేదు.

మా అద్దం సెకనుకు 250 సార్లు వెళ్లి వస్తుంది. వెళ్లేటప్పుడు ఒక వరుస, వచ్చేటప్పుడు ఇంకో వరుస. అచ్చం పొలం దున్నినట్టే: ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక సాలు, తిరిగొస్తూ మరో సాలు. వరుసకు 2 మిల్లీసెకన్లు, అందులో 1000 పిక్సెళ్లు. అంటే పిక్సెల్‌కు 2 మైక్రోసెకన్లే.

మొదటి నెలన్నర లెన్సుల మీద అనుమానంతోనే పోయింది. విప్పాను, తుడిచాను, మళ్లీ బిగించాను. ఈలోగా ఇంకో పొరపాటు బయటపడింది. అద్దం ఒక డిగ్రీ తిరిగితే దాని మీద పడ్డ కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుందన్న ఇంటర్ పాఠం మర్చిపోయి, కొలతలన్నీ సగం వేసుకున్నాను. అది దిద్దినా జంట బొమ్మ జంటగానే ఉంది.

చివరికి దారి చూపింది చాలా చిన్న పరీక్ష. వేగాన్ని సగానికి తగ్గించి చూశాను. ఎడం కూడా సగమై 60 పిక్సెళ్లకు వచ్చింది. తప్పు లెన్సులదైతే వేగంతో దానికి పనేముంది? ఇది కాలంలో జరుగుతున్న ఆలస్యం. నేను "ఇక్కడుండు" అన్న 120 మైక్రోసెకన్లకు గానీ అద్దం అక్కడికి చేరడం లేదు. వెళ్లేటప్పుడు 60 పిక్సెళ్లు ఒకవైపు, వచ్చేటప్పుడు 60 రెండోవైపు. ఈ పరీక్ష మొదటిరోజే చేసుంటే నెలన్నర మిగిలేది.

ఆలస్యమే కదా, మోటారును నడిపే డ్రైవర్ బోర్డు మీద గెయిన్ (సిగ్నల్‌ను ఎన్నింతలు చేస్తుందో ఆ లెక్క) పెంచితే అద్దం చురుగ్గా కదులుతుందిలే అనుకుని స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. పావు తిప్పు తిప్పానో లేదో అద్దం కీచుమంది. చెవిలో సూది గుచ్చినట్టు. పవర్ ఆపేలోగా ఫ్యూజ్ పోయింది. మా జూనియర్ పరుగెత్తుకొచ్చి "అన్నా, ఏదో కాలుతోందా?" అన్నాడు.

అప్పుడు గానీ అద్దం ఎలా కదులుతుందో లెక్కల్లో చెప్పే మోడల్ కట్టాలన్న బుద్ధి పుట్టలేదు. 10 హెర్ట్జ్ నుంచి 15 వేల హెర్ట్జ్ దాకా పోయే సైన్ తరంగాన్ని అతి తక్కువ ఊపుతో ఇచ్చి, అద్దానికి నేనిచ్చిన ఆజ్ఞనూ, గాల్వో లోపలి సెన్సర్ చెప్పే స్థానాన్నీ పక్కపక్కన రికార్డు చేశాను. గీసి చూస్తే కథంతా అందులోనే ఉంది. కింది ఫ్రీక్వెన్సీల్లో అద్దం చెప్పినట్టు వింటుంది. 1850 హెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి పావు చుట్టు వెనకబడుతుంది. ఆపైన ఊపు తగ్గుతూ పోయి, 11 వేల దగ్గర మాత్రం సూదిలాంటి ఒక శిఖరం. అక్కడ ఇరుసే మెలితిరుగుతోంది. నేను గెయిన్ పెంచి లేపింది దాన్నే. జడత్వం, డ్యాంపింగ్, స్ప్రింగు లాంటి పట్టు: ఈ మూడింటితో రాసిన రెండో ఆర్డర్ సమీకరణం 5 వేల దాకా కొలతలకు చక్కగా సరిపోయింది. నాకు అంతకు మించి అక్కర్లేదు.

మోడల్ చేతికొచ్చాక లెక్క తలకిందులుగా వేశాను. కావలసిన కదలికను ఫోరియర్ ముక్కలుగా, అంటే 250 హెర్ట్జ్, దాని రెట్టింపు, మూడింతలు... ఇలా సైన్ తరంగాలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను అద్దం ఎంత తగ్గిస్తుందో, ఎంత ఆలస్యం చేస్తుందో చూసి, అంతా ముందే కలిపి ఆజ్ఞ ఇవ్వడం. కాగితం మీద అందంగా ఉంది. కానీ నేను కోరింది సూదిమొన లాంటి మలుపులున్న త్రికోణ తరంగం. పై ఫ్రీక్వెన్సీల ముక్కలను అద్దం తగ్గించే మేరకు పెంచుతుంటే కరెంటు కొండెక్కింది. అదే ఊపును రెట్టింపు ఫ్రీక్వెన్సీతో ఊపాలంటే నాలుగింతల కరెంటు కావాలి, కాయిల్‌లో వేడి పదహారింతలు. రెండో ఫ్యూజ్ కూడా పోయింది.

గట్టును ఆనుకునేదాకా దున్నితే ఎడ్లు తిరగడానికి చోటేది? ఊళ్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి, నాకు తట్టడానికి వారం పట్టింది. మధ్యలో 80 శాతం మాత్రమే తిన్నగా, ఒకే వేగంతో ఉండి, చివర్లలో గుండ్రంగా వంగే కదలికను కోరాను. ఆ చివర్లలో తీసిన పిక్సెళ్లను పారేశాను. పై ముక్కలు దాదాపు లేకుండా పోయాయి. ఏడో ముక్క, అంటే 1750 హెర్ట్జ్ దాకా తీసుకుంటే చాలింది. అద్దం రోజంతా ఒకే కదలికను తిరగేస్తుంది కాబట్టి, మిగిలిన తప్పును కొలిచి ఆజ్ఞలో సర్ది మళ్లీ నడిపించాను. నాలుగైదు సార్లకు సెన్సర్ గీతా, నేను కోరిన గీతా ఒకటైపోయాయి. గళ్ల స్లైడు పెడితే గళ్ల స్లైడే వచ్చింది. ఆ సాయంత్రం అందరికీ సమోసాలు నా ఖర్చే.

మర్నాడు ఆక్రిడిన్ ఆరెంజ్ పట్టించిన ఉల్లిపొర పెట్టాను. కణాల గోడల అంచులు దువ్వెన పళ్లలా! వరుసకూ వరుసకూ 4 పిక్సెళ్ల తేడా. గళ్ల స్లైడు పెడితే ఏమీ లేదు. ఉల్లిపొర పెడితే మళ్లీ అదే. సెన్సర్ మాత్రం అద్దం సరిగ్గానే ఉందంటోంది.

రెండు వారాలు మోడల్‌నే తిట్టుకున్నాను. చివరికి జూనియరే అడిగాడు: "అన్నా, రెండింటికీ గెయిన్ ఒకటేనా?" కాదు. క్రోమ్ గీతల నుంచి వెలుగు దండిగా వస్తుంది, ఉల్లిపొర నుంచి వచ్చేది మినుకు మినుకు. అందుకని పీఎంటీ తర్వాతి యాంప్లిఫయర్‌లో గెయిన్ పెంచేవాణ్ణి. ఆ యాంప్లిఫయర్ గెయిన్ పెరిగేకొద్దీ బ్యాండ్‌విడ్త్, అంటే అది అందుకోగల మార్పుల వేగం, తగ్గుతుంది. ఆ మెట్టులో 40 వేల హెర్ట్జే. అంటే 4 మైక్రోసెకన్ల ఆలస్యం, 2 పిక్సెళ్లు అటు, 2 ఇటు. అద్దం ఎప్పుడో బాగుపడింది. ఈసారి ఆలస్యం చేస్తున్నది చూసే కన్ను.

రెజొనెంట్ స్కానర్‌కు మారిపోతే పోదా అని కూడా ఒక దశలో అనుకున్నాం. 8 వేల హెర్ట్జ్ రకం అయితే రెండు వైపులా కలిపి సెకనుకు 16 వేల వరుసలు, 512 వరుసల బొమ్మలు 31 దాకా. కానీ అది తన సొంత ఫ్రీక్వెన్సీలో తప్ప తిరగదు, వేడెక్కితే ఆ ఫ్రీక్వెన్సీ కూడా కాస్త మారిపోతుంది. అంత వేగంలో ఈ 4 మైక్రోసెకన్లు ఎన్ని పిక్సెళ్లు అవుతాయో లెక్కేసి, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఒక్కో గెయిన్ మెట్టుకూ ఆలస్యాన్ని కొలిచి పట్టిక చేశాం. సాఫ్ట్‌వేర్ ఆ మేరకు పిక్సెళ్లను జరుపుతుంది. గెయిన్ నాబ్ మాత్రం ఇంకా చేత్తో తిప్పేదే. అందుకే ఆ పట్టికను జూనియర్ యాంప్లిఫయర్ మీదే అంటించాడు, కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో "తిప్పితే చెప్పు అన్నా" అని రాసి.