మూడు పేర్లతో ఆగిపోయిన నా ఓటు

2021 జూన్ 22 సాయంత్రం. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మా వీధి చివర బడి, ఆ బడి జిమ్‌లో పోలింగ్. మాస్కు పెట్టుకోవడంతో కళ్లద్దాల మీద ఆవిరి కడుతోంది. తుడుచుకుని బ్యాలెట్ చూస్తే మేయర్ పదవికి డెమొక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నికలో, 13 పేర్లు. ఒక్కో పేరుకీ ఎదురుగా అడ్డంగా ఐదు కోడిగుడ్డు ఆకారపు గడులు: ఒకటో ఎంపిక, రెండో ఎంపిక, అలా ఐదు దాకా. క్వీన్స్‌లో బ్యాలెట్ మీద ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, కొరియన్‌తో పాటు బెంగాలీ కూడా ఉంటుంది. ఇక్కడ భారతీయులు ఎక్కువ కాబట్టి మన భాషల్లో ఒకటి ఇవ్వాలన్నారు, దానికి బెంగాలీని ఎంచుకున్నారు. ఫ్లషింగ్ వినాయకుడి గుడి క్యాంటీన్‌లో ఆదివారం దోసెల వరసలో నిలబడితే ఎన్ని భాషలు వినిపిస్తాయో వాళ్లకేం తెలుసు! నా వరకు కొరియన్ ఎంత అర్థమవుతుందో బెంగాలీ కూడా అంతే.

నాకు పౌరసత్వం వచ్చాక ఇది రెండో ఓటు. మొదటిది 2020 నవంబర్‌ది, అందులో తికమకేమీ లేదు. ఈసారి అలా కాదు. మా ఆయనకి అసలు ఓటే లేదు. నమోదు చేసుకునేటప్పుడు 'ఏ పార్టీ కాదు' అని టిక్కు పెట్టి వచ్చాడు మహానుభావుడు. ఇక్కడ ప్రైమరీలో పార్టీ సభ్యులుగా నమోదైనవాళ్లే ఓటెయ్యాలి. నగరంలో డెమొక్రాట్ల బలం చూస్తే ప్రైమరీ గెలిచినవాళ్లే చాలావరకు మేయర్ అవుతారు. అంటే అసలు ఎన్నిక జూన్‌లోనే అయిపోతుంది, ఆయన నవంబర్‌లో వెళ్లి వేస్తాడు.

ఈ ర్యాంకుల పద్ధతి ఎందుకొచ్చిందో నాకు తర్వాత తెలిసింది. ఇంతకుముందు మేయర్ లాంటి నగరస్థాయి పదవుల ప్రైమరీలో ఎవరికీ 40 శాతం రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోలింగ్ పెట్టేవారు. 2013లో పబ్లిక్ అడ్వకేట్ (జనం ఫిర్యాదులు చూసే నగర అధికారి) పదవికి అలాగే రెండోసారి పెడితే సుమారు కోటీ ముప్పై లక్షల డాలర్లు ఖర్చయింది. అప్పట్లో ఆ ఆఫీసు ఏడాది బడ్జెట్ అందులో నాలుగో వంతు కూడా లేదు! ఓటెయ్యడానికి వచ్చినవాళ్లు మాత్రం పిడికెడు. 2019 నవంబర్‌లో ర్యాంకుల పద్ధతి మీద ప్రజాభిప్రాయం అడిగితే దాదాపు ముప్పావు వంతు మంది సరే అన్నారు. ప్రైమరీలకీ, మధ్యలో ఖాళీ అయిన సీట్లకీ మాత్రమే ఇది వర్తిస్తుంది. మేయర్ ఎంపికకి దీన్ని వాడటం 2021లోనే మొదలు.

ఇంటికొచ్చిన ఓటరు గైడు చదివాను, బొమ్మలూ చూశాను. ఒకే ఎంపిక కింద నిలువు వరసలో ఇద్దరికి గుడ్డు నింపితే ఆ వరస నుంచి ఓటు చెల్లదు. ఒకరికే ఐదు వరసల్లోనూ నింపితే ఒక్కసారి పెట్టినట్టే లెక్క. మా పక్కింటావిడ సరిగ్గా ఆ పనే చేసి, "ఆయనకి ఐదు ఓట్లు వేశా" అని సంతోషంగా చెప్పింది. సరిదిద్దాలని నోటిదాకా వచ్చింది కానీ అప్పటికే ఆమె ఓటు స్కానర్‌లోకి వెళ్లిపోయింది, ఊరుకున్నాను.

నియమాలు తెలిశాయి కానీ చెయ్యి కదలలేదు. మొదటి పేరు సులువు. రెండోది ఆండ్రూ యాంగ్. మూడో గుడ్డు దగ్గర కాస్త ఆలోచించి, ఒక పెద్దమనిషికి పెట్టాను. నాలుగు దగ్గర ఆగిపోయాను. మనకు పుట్టినప్పటి నుంచీ ఒక్క బటనే అలవాటు. ఎవరికి నొక్కితే వాళ్ల మనిషి అయినట్టే. అంతగా నచ్చనివాళ్ల పేరు పక్కన నాలుగని పెడితే, ఏదో మూల నుంచి అది తిరిగొచ్చి నా మొదటి మనిషిని ఓడిస్తుందేమోనని భయం. పైగా ఎనిమిది గంటలు పనిచేసి వచ్చాను. వెనక ఎవరో దగ్గారు. రెండు గడులు ఖాళీగా వదిలి కాగితం స్కానర్‌లో పెట్టేశాను.

ఆ రాత్రి మొదటి ఎంపికల లెక్క వచ్చింది. ఎరిక్ ఆడమ్స్ ముందున్నారు, సుమారు 31 శాతం. ఆ తర్వాత మాయా వైలీ, కాథ్రిన్ గార్సియా. యాంగ్ నాలుగు. రాత్రికి రాత్రే ఆయన ఓటమి ఒప్పుకున్నారు. ర్యాంకుల లెక్క, అంటే తక్కువ ఓట్లు వచ్చినవాళ్లని తీసేస్తూ పోయే లెక్క, మాత్రం మొదలే కాలేదు. పోస్టులో వచ్చే ఓట్లు ఇంకా అందుతూ ఉంటాయి, అవన్నీ చేరేదాకా ఎవరు ముందు వెళ్లిపోతారో తేలదు కదా. వారం తర్వాత తొలి లెక్క పెట్టారు. కొన్ని గంటలకే వెనక్కి తీసుకున్నారు. యంత్రాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ముందే ఎక్కించిన నమూనా ఓట్లు, సుమారు 1,35,000, తీసెయ్యడం మరిచిపోయి అసలు ఓట్లతో కలిపేశారట. మర్నాడు సరిచేసి మళ్లీ పెట్టారు.

ఆ గందరగోళంలో సూర్యాపేటకి ఫోన్ చేశాను. నాకు రాత్రి, నాయినకి పొద్దున. మా నాయిన రిటైర్డ్ హెడ్మాస్టర్. ఆ ఏడాది మార్చిలోనే వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేశారు. 71 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపరు దినపత్రిక అంత ఉండిందని అప్పట్లో నవ్వుకుంటూ చెప్పారు. నేనేదో కొత్త వింత చెబుతున్నట్టు మొదలుపెట్టగానే అడ్డుతగిలారు.

"గదేం కొత్త బిడ్డా? ప్రాధాన్యత ఓటు. మేం ఎప్పటి నుంచో ఏస్తనే ఉన్నం."

నిజమే. శాసనమండలికి పట్టభద్రులూ, ఉపాధ్యాయులూ వేసేది ఇదే రకం ఓటు. పట్టభద్రులైతే ప్రతిసారీ ఫారం 18 నింపి కొత్తగా నమోదు చేసుకోవాలి. బూత్‌లో ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో అంకెలు వెయ్యాలి. టిక్కు పెట్టినా, అక్షరాల్లో 'ఒకటి' అని రాసినా ఆ ఓటు పోయినట్టే. చదువుకున్న ఓటర్లు కూడా ఈ పొరపాట్లు ఎలా చేస్తారో నాయినకి ఇప్పటికీ అర్థం కాదు, ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దిన మనిషి మరి. అక్కడ ఐదు దాకానే అన్న హద్దు లేదు, ఓపిక ఉంటే 71 మందికీ అంకెలు వేసుకోవచ్చు. ఆ మార్చిలో ఎవరూ తొలి ప్రాధాన్యంలో సగం దాటలేదు. పాతిక కాగితాల చొప్పున కట్టలు కట్టి, తక్కువ వచ్చినవాళ్లని ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేస్తూ నల్గొండలో నాలుగు రోజులు లెక్కపెట్టారు. చివరికి పల్లా రాజేశ్వర్ రెడ్డి గెలిచారు. నాయిన ఆ నాలుగు రోజులూ టీవీ ముందు నుంచి లేవలేదని అమ్మ ఫిర్యాదు.

"మూడే పెట్టినవా? ఐదు పెట్టుమంటే మూడేంది?"

"నాలుగోది పెడితే మొదటివాళ్లకి నష్టమేమో అనుకున్నా నాయినా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. బడిలో మొద్దు పిల్లల ముందు కూడా ఇలాగే ఆగేవారు.

"జర ఇను. నీ ఒకటో మనిషి పోటీల ఉన్నంతసేపు నీ రెండు ఎవ్వరు చూడరు. ఆయన పోయినంకనే నీ కాయిదం రెండో కట్టల పడ్తది. రెండోడు పోతే మూడు. మూడోడు గూడ పోతే నీ కాయిదం ఎవ్వరి కట్టల లేదు. పక్కన పెట్టేస్తరు. నేనైతే ఏడు పెట్టిన."

ఫోన్ పెట్టేశాక రౌండ్ల పట్టిక తెరిచి కూర్చున్నాను. నాకు ఇష్టమైన పేర్లన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. నా మూడో పెద్దమనిషి ముందే పోయాడు, ఆరో రౌండులో యాంగ్, ఏడులో వైలీ. మొదటి ఎంపికల్లో మూడో స్థానంలో ఉన్న గార్సియా అందరి రెండులూ మూడులూ పోగేసుకుని వైలీని దాటేసింది. ఎన్నికల ముందు వారాంతంలో యాంగ్, గార్సియా కలిసి ప్రచారం చేశారు, తన తర్వాత ఆమెకి పెట్టమని యాంగ్ అడిగారు కూడా. నేను వినలేదు. పారిశుధ్య శాఖ కమిషనర్‌గా చేసిన మనిషి, నగరం చెత్త సంగతి తెలిసినావిడ, పెట్టి ఉంటే ఏం పోయేది?

జూలై 6న పోస్టు ఓట్లు కలిపాక ఆడమ్స్ గెలుపు తేలింది. చివరి లెక్కలో ఇద్దరి మధ్య తేడా 7,197 ఓట్లు. పట్టిక అడుగున 'ఎగ్జాస్టెడ్' అని ఇంకో వరస ఉంది. రాసిన పేర్లన్నీ అయిపోయి చివరి రౌండుకి ఎవరి ఖాతాలోనూ లేకుండా పోయిన ఓట్లు, 1,40,000 పైనే. అందులో ఒకటి నాది. అందరూ నాలాగే అలసిపోయి వదిలేశారని అనను, చివరి ఇద్దరిలో ఎవరూ వద్దనుకున్నవాళ్లూ ఉంటారు. నాకు మాత్రం ఆ ఇద్దరిలో ఒకరు కావాలని తేలింది. తేలేసరికి జూలై వచ్చింది.

ఆ తర్వాత 2025 జూన్ 24. ఎండ నిప్పులు చెరుగుతోంది, పోలింగ్ రోజు విజయవాడ మే నెలలా ఉంది. ఈసారి 11 మంది. వారం ముందే వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని పేర్లు రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. ఈసారి ప్రచారం కూడా ర్యాంకుల చుట్టూనే తిరిగింది. జోరాన్ మమ్దానీ, బ్రాడ్ ల్యాండర్ పోటీలో ఉంటూనే ఒకరి కోసం ఒకరు రెండో ఓటు అడిగారు. ఇంకో అభ్యర్థి, మాజీ గవర్నర్ ఆండ్రూ క్యుమో పేరు ఏ వరసలోనూ పెట్టొద్దని ఇంకో ప్రచారం. మన దగ్గర ఎమ్మెల్సీ అభ్యర్థులు గుమ్మంలో నిలబడి "కనీసం రెండో ప్రాధాన్యమన్నా ఇవ్వండి సార్" అంటారే, అది గుర్తొచ్చింది.

మొదటి నలుగురూ త్వరగానే కుదిరారు. ఐదో పేరు దగ్గర అరగంట పట్టింది. ఇద్దరి గురించి చదివాను, ఇళ్ల అద్దెల మీద ఏం చెప్పారో పోల్చాను, మా ఆయన్ని అడిగాను. "నాకెందుకు, నాకు ఓటు లేదుగా" అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ టిక్కు మార్చుకోలేదు.

జూలై 1న లెక్క వచ్చింది. మూడో రౌండుకే తేలిపోయింది. మమ్దానీకి 56 శాతం, క్యుమోకి 44. నవంబర్‌లో మామూలు పద్ధతే, ఒక్కరికే ఓటు. పక్కింటావిడ అప్పుడు వచ్చి "మిగతా గడులేవి?" అని అడిగింది.

ఆ జూలై రాత్రి నాయినే ఫోన్ చేశారు.

"ఐదూ పెట్టినవా?"

"పెట్టిన నాయినా."

"ఐదోడు ఎవడు?"

అరగంట కూర్చుని ఎంచిన ఆ పేరుదాకా లెక్క రానే లేదని చెప్పాను. ఆయన నవ్వారు. "అయితే ఎవడో చెప్పొచ్చు గద."

చెప్పలేదు.